టేపు రెండో కొస

ఇంజనీరు గథోని మొదటి కొస పట్టుకుంటుంది.
రెండో కొస నాది.
పదకొండేళ్ళుగా ఇదే ఉద్యోగం:
ఆమె లాగమంటే లాగడం,
ఆగమంటే ఆగడం.
అంకె చదవడం నా పని కాదు.

కిసుములో, సరస్సు వైపు దిగే ఈ రోడ్డుకి
ఇన్నాళ్ళూ అంచు లేదు.
తారు ఎక్కడ ఆగితే అక్కడ మురుగు మొదలు.
మధ్యన మిగిలిన జానెడు మట్టి మీద
పేటంతా నడిచేది.
వెనక హారను మోగితే
ఒక కాలు మురుగులోకి దించి
లారీ పోయాక పైకి తీసుకునేది.
ఇక్కడి పిల్లలకి
నడక నేర్పడమంటే అదీ నేర్పడమే.

కాగితం మీద మాత్రం అంతా బాగుంది.
చెట్లు పచ్చగా, గుండ్రంగా, పైనుంచి చూసినట్టు.
మనుషులూ పైనుంచే: ఒక తల, రెండు భుజాలు,
అందరిదీ ఒకే కొలత.

ఆ రోజు ఎందుకో గథోని కాగితం చుట్టేసింది.
రెండు బస్తాల సున్నం తెప్పించి
మార్కెట్టు వెనక ఖాళీ జాగాలో
రోడ్డుని అసలు కొలతకి నేల మీద గీయించింది.
"నడిచి చూడండి" అంది.
"ఇరుకైన చోట అరవండి."

మొదట ఎవరూ రాలేదు.
గీత తొక్కితే జరిమానా అనుకున్నారేమో.
ఒక మేక వచ్చింది.
కాలిబాట దాటి, సైకిలు బాట దాటి,
సున్నం నాకి, మూతి విదిలించుకుని పోయింది.

తర్వాత అపొండి, నెత్తిన ఎండుచేపల తట్ట.
ఎదురుగా ఆమె చెల్లెలు, ఆమె నెత్తినా తట్ట.
రెండు తట్టలూ గాలిలో గుద్దుకున్నాయి.
కింద పాదాలకి బోలెడు చోటు.
"మీ బాట మా కాళ్ళకి సరిపోయింది తల్లీ,"
చేపలు ఏరుకుంటూ అంది అపొండి,
"మా నెత్తి మీదున్నదాన్ని ఎవరు కొలిచారు?"

టేపు లాగాను, తట్ట అంచు నుంచి తట్ట అంచుకి.
ఎవరూ చెప్పకుండా లాగడం అదే మొదలు.

రాత్రి కాపలా ముగించి
తెల్లారకముందే సైకిలెక్కే ఒబుయా అన్నాడు:
"దీపాలు రోడ్డు మధ్యకి ఎందుకు?
కార్లు తమ దీపాలు తామే తెచ్చుకుంటాయి.
నా గొయ్యి మీద పెట్టండి."

చేతులతో తొక్కే మూడు చక్రాల బండి మీద వచ్చిన ఒచోలా
గీత దగ్గర టక్కున ఆగాడు.
"గీతే కదా, దాటు" అన్నారు పిల్లలు.
"ఇవాళ గీత. రేపు బెత్తెడు రాయి.
మీకు మెట్టు, నాకు గోడ."
కదల్లేదు.
గథోని చెప్పు విడిచి
ఆ గీతని పాదంతో చెరిపేదాకా కదల్లేదు.

అడుగు అనే మాటని అప్పుడు తిరగేసి చూశాను.
కొలతా అదే, నడకా అదే,
నోరు తెరిచి అడగమనడమూ అదే.
పదకొండేళ్ళూ మేం మొదటిదొక్కటే వాడాం.

రోడ్డు వచ్చింది. మొత్తం రాలేదు.
నలభై చెట్లన్నారు, తొమ్మిది నాటారు,
మేక సంగతి మీకు తెలిసిందే.
ఇనప సామాన్ల కొట్టు ముందు
సైకిలు బాట మీద సిమెంటు లారీ నిద్రపోతుంది.
ఒబుయా దీపం మాత్రం వెలుగుతోంది;
దాని కింద ఓ అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది,
అది ఏ నక్షాలోనూ లేదు.

ఏడు చోట్ల రాయి దించాలి.
కాంట్రాక్టరు ఆరు దించి బిల్లు రాసుకున్నాడు.
ఏడోది మా సందు మొదట్లో.
ఒచోలా రోజూ అక్కడ ఆగి
ఎవరిని తిడతాడో తెలియకుండా గంట కొడతాడు,
వెనక్కి తిరిగి, కార్ల మధ్య నుంచి చుట్టూ పోతాడు.

మొన్న ఆదివారం
సుత్తీ ఉలీ అరువు తెచ్చాను.
గథోని ఊళ్ళో లేదు, అనుమతీ లేదు.
టేపు మొదటి కొస ఒచోలా పట్టుకున్నాడు.
అంకె నేనే చదివాను,
ఒకసారి తప్పుగా.