ఆ ఇద్దరూ లేని శనివారం

అర్బ్రోత్‌లో సముద్రం గోడ దాకా వస్తుంది,
గోల్‌పోస్టు వెనక నిలబడి
టికెట్టు లేకుండా ఆట చూస్తుంది.

"ఆ గ్లాస్గో జంట లీగ్ వదిలిపోతే
పీడా విరగడౌతుంది" అంటాడు ఫెర్గస్,
తిరుగుడు గేటు దగ్గర చిల్లర లెక్కపెడుతూ.
అప్పుడు కప్పు ఎవరికైనా రావచ్చట:
డండీకి, పెయిజ్లీకి,
ఏమో, గుర్రం ఎగరావచ్చు,
మాక్కూడా.

మాంసం పైలమ్మే ఇష్‌బెల్ ఒప్పుకోదు.
"వాళ్లొస్తేనే కదయ్యా
నా రెండో పొయ్యి వెలిగేది.
ఆ కప్పు మనకెప్పుడూ దక్కలేదు గానీ
నెత్తిమీద ఈ రేకుల కప్పు
వాళ్ల జనం డబ్బులే."

ఫెర్గస్ మాట్లాడలేదు.
పర్సులోంచి ఒక అట్టముక్క తీశాడు.
పందొమ్మిదేళ్ల నాటి టికెట్టు,
వెనక పెన్సిల్‌తో ఒకటి–సున్నా.
అంకెలు చెరిగిపోయాయి,
అయినా చదివాడు.

ఆ రోజు ఓడింది ఎవరని నేనడగలేదు.
కొండే లేకపోతే
ఢీకొన్న పొట్టేలు కథ
ఎవరికి చెప్పుకుంటాం?

మూడయింది. విజిల్.
గోడ దూకి ఒక అల
మొదటి వరసను తడిపింది.
ఆ వరసలో ఎవరూ లేరు.
మొత్తం నాలుగొందల ముప్పైమందిమి,
రెండు కుక్కలు.

ఇష్‌బెల్ అగ్గిపెట్టె
ఏప్రన్ జేబులోనే ఉంది.