నలభై ఇళ్ళ లెక్క

పొరుగంటే ఇటు నలభై ఇళ్ళు, అటు నలభై ఇళ్ళు.
చిన్నప్పుడు ఓర్వకల్లు మసీదు అరుగు మీద
హజ్రత్ చెప్పిన లెక్క.
బాట్లీలో మా వీధి ఒకసారి నడిచి చూశాను.
ఇటు ముప్ఫై ఒకటికే, చేపల కొట్టు దగ్గర, వీధి అయిపోయింది.
అటు ఇరవై ఆరు తర్వాత సమాధులు.
చచ్చినవాళ్ళని కలుపుకుంటే సరిపోతుంది.

నా కుడిపక్క డోరీన్. ఎనభై రెండేళ్ళు.
ఉసేన్బీ అంటుంది, మా ఊళ్ళోలాగే హ మింగేసి.
బేకన్ వేయించే రోజు కిటికీ మూస్తుంది, నేనెప్పుడూ అడగలేదు.
నేను ఉల్లిపాయలు వేయించే రోజు తెరుస్తుంది.

సోమవారం, తెల్లారీ తెల్లారని మంచులో
పరుపుల ఫ్యాక్టరీ వ్యాను వెనక్కొచ్చి
ఆమె గోడని గుద్దింది.
మోకాలెత్తు గోడ, మసిపట్టిన రాయి.
దాని మీద చెయ్యి ఆనించే
చెత్తడబ్బా దాకా వెళ్ళేది.
వ్యాను ఆగింది. ఒక్క క్షణం.
వెళ్ళిపోయింది.
నడిపింది నా తమ్ముడు వలీ.
తోడబుట్టినవాణ్ణి మెడ వంపు చూసి పోల్చుకుంటాం.

"ఏమైనా చూశావా, ఉసేన్బీ?"
"టీ కాస్తున్నాను" అన్నాను.
అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఆ రాత్రి మా జేజినాయన, దూదేకుల మౌలాలి,
విల్లు మోగిస్తూ అనే మాట:
"గింజ ఏరకుండా కుట్టిన పరుపు
అంగట్లో మెత్తనే.
పడుకున్నోడికే తెలుస్తాది."
నా నడుం కింద ఎక్కడో గింజ.

ఈ దేశం కాగితమిచ్చిన రోజు
టౌన్ హాల్లో నిలబడి మాటిచ్చాను.
మాటంటే అప్పే; ఎవరి దగ్గర చేశావని
దీను అడగదు, తీర్చావా అంటుంది.
నమాజు బాకీ అల్లా మాఫీ చేయొచ్చు,
పక్కింటి బాకీ పక్కింటివాళ్ళే చేయాలనేవాడు హజ్రత్.

పొద్దున్నే తలుపు తట్టాను.
వ్యాను చెప్పాను. నంబరు చెప్పాను.
పేరు దగ్గర గొంతు పట్టింది.
పేరూ చెప్పాను.
సాక్ష్యం కాగితం మీద సంతకం వంకరగా పడింది.

నెల దాకా వలీ మాట్లాడలేదు.
మరదలు ఫోన్లో "ఎవరి గోడ వదినా? మన గోడేనా?" అంది.
పెట్టేశాక,
వంటింట్లో ఎవరూ లేకుండా,
అవునన్నాను.

నిన్న ఆదివారం సిమెంటు బస్తా మోసుకుని వచ్చాడు.
నా కిటికీ వైపు చూడలేదు.
డోరీన్ ఇచ్చిన టీ గడప మీదే చల్లారింది.
మధ్యాహ్నానికి గోడ లేచింది.
ఆమె మెల్లగా వచ్చి చెయ్యి ఆనించి
"ఇక్కడ కాస్త ఎత్తుగా ఉంది, నాయనా" అంది.

వాడు ఏమీ అనకుండా
పై వరస విప్పడం మొదలుపెట్టాడు.