తొమ్మిది వేలు

మూడేళ్లు ఆగాను ఈ కథ కోసం.
హకొదాతెలో, స్క్విడ్ చేపలు కోసే షెడ్డులో
టీకి పది నిమిషాలిస్తే
ఏడు నిమిషాలు ఫోన్లో ఆ పడవవాడి దగ్గరే ఉండేదాన్ని.
"మంచు కరగనీ, సుజునే ఎక్కడుందో చెబుతా" అన్నాడు
నాలుగో అధ్యాయం చివర.
ఆ మాటని ఏప్రాన్ అంచున ముడేసుకుని
రత్నాలు కూడబెట్టాను.

సుజునేకి ఎడమచేతి ఉంగరపు వేలు లేదు.
చిన్నప్పుడు మంచు కొరికేసింది.
కథలో ఒక్కసారే చెప్పారు.
నాకు ఒక్కసారి చాలు.

నిన్న అర్ధరాత్రి వచ్చింది కథ.
పడవవాడు మూడు ముక్కలు మాట్లాడి
పడవతో సహా మాయమయ్యాడు.
సుజునే వచ్చింది, ఎండాకాలం బట్టల్లో,
పుచ్చకాయ ముక్క పట్టుకుని.
ఇన్నాళ్లూ ఎక్కడున్నావని ఎవరూ అడగలేదు.
పన్నెండు నిమిషాలకే బాణసంచా,
కింద మెరుస్తూ బొత్తాం: ఆమెను గెలుచుకోండి.

బొమ్మ పెద్దది చేసి లెక్కపెట్టాను.
పది.
మళ్లీ లెక్కపెట్టాను.
పదే.

"గీసినవాడు మర్చిపోయుంటాడు,
ఆటే కదా తొమోయె" అంది పక్క బల్ల కిమియో.
ఆటే. కాదన్నానా?

రత్నాలు తొమ్మిది వేలు, ముట్టుకోలేదు.
నాలుగో అధ్యాయం మళ్లీ తెరిచాను.
అక్కడింకా మంచు కురుస్తోంది,
పడవవాడు గడ్డం దులుపుకుంటూ
అదే మాట అంటున్నాడు, నిజంగానే చెప్పేవాడిలా.

గంట మోగింది.
రబ్బరు తొడుగు వేసుకుని
ఎడమచేతికి ఖాళీగా వేలాడే ఆ వేలిని
ఎప్పటిలాగే లోపలికి మడిచాను.