ఏం కాదు, పొండి

ఆటోనగర్ మూడో రోడ్డులో మా షెడ్డు.
స్కూలు పిల్లలు దిగిపోయిన పాత మినీ బస్సుని
తూకానికి అమ్మేస్తుంటే నేనే ఆపాను.
సీట్లు పీకి మంచం వేశాను.
కిటికీ కింద రెండు పొయ్యిల స్టవ్వు,
పైన నీళ్ల డ్రమ్ము.
పసుపు మీద నీలం రెండుసార్లు కొట్టినా
ఎండ ఏటవాలుగా పడితే
స్కూలు పేరులో సగం ఇంకా పైకి తేలుతుంది.

"ఇల్లు కట్టమంటే బండి కట్టావు" అంది దీనమ్మ.
అనడం అన్నదే గాని, కర్టెన్లు తనే కుట్టింది.

మొదటి ప్రయాణం కొండవీడు.
ఎంత దూరమని!
బెజవాడలో ఇడ్లీ తిని బయల్దేరితే
ఫిరంగిపురం దాటేసరికి పదకొండు.
కింద నుంచి చూస్తే ఘాట్ రోడ్డు
కొండకి ఎవరో వదులుగా కట్టిన మొలతాడులా ఉంది.

మొదటి మలుపు. రెండో మలుపు.
మూడో మలుపులో వెనక గిన్నెలన్నీ
ఒక్కసారే ఎడమకి జరిగాయి.
నాలుగో మలుపులో నేనూ జరిగాను.

ఎడమ పక్క కొండ, అద్దం గీసుకునేంత దగ్గర.
కుడి పక్క ఏమీ లేదు.
ఏమీ లేదంటే,
మెడ తిప్పడానికి భయమేసేంతగా ఏమీ లేదు.
ఎక్కడో అడుగున ఒక మిరప కళ్లం,
ఎవరో ఆరేసి మర్చిపోయిన ఎర్ర తుండుగుడ్డ.

ముప్పై రెండేళ్లు బ్రేకులు కట్టాను.
లారీలకి, జీపులకి, శ్రీశైలం పోయే బస్సులకి.
బోల్టు బిగించి, బనీనుకి చెయ్యి తుడుచుకుని
"ఏం కాదు, పొండి" అనేవాణ్ణి.
వాళ్లు పోయేవాళ్లు.
నేను టీకి పోయేవాణ్ణి.
ఆ మాట బరువెంతో ఎప్పుడూ తూచలేదు.

ఇవాళ నా కాలు నా బ్రేకు మీదే ఉంది.
చాసిస్‌కి వేసిన ప్రతి అతుకూ గుర్తొస్తోంది.
ముఖ్యంగా ఆ ఒక్కటి,
మధ్యలో కరెంటు పోతే
తిరిగొచ్చాక, పోయిన చోటు వెతుక్కుని
మళ్లీ అంటించింది.

ఆరో మలుపులో ట్రాలీ ఆటో ఎదురైంది,
నిండా టెంటు గుంజలు, మడత కుర్చీలు.
కుర్రాడు హారన్ కొట్టలేదు.
వాడి మొహమూ నా మొహంలాగే ఉంది.
"నాది లోడు బాబాయ్. వెనక్కి నువ్వే తియ్యాలి."

దీనమ్మ దిగింది.
చెప్పులు లోపలే వదిలేసి దిగింది.
రోడ్డు వార నుంచి ఒక రాయి ఎత్తి చంకన పెట్టుకుని
వెనక చక్రం పక్కనే నడుస్తూ
"రా... రా... ఇంకొంచెం రా..."

పెళ్లయిన కొత్తలో సైకిలు నేర్పుతూ
వెనక పట్టుకుని నేనన్న మాటలే.
అప్పుడు నేను మధ్యలో వదిలేశాను.
గవర్నరుపేటలో ఆ మోకాలు దెబ్బ
ఈ రోజుకీ అప్పుడప్పుడూ చూపిస్తుంది.

అద్దంలో తన మోచెయ్యి, రాయి,
ఆ వెనక అంతా గాలి.

"ఆపు!"
చక్రం కింద రాయి పడ్డ చప్పుడు
నా నడుములో వినబడింది.

ట్రాలీ మమ్మల్ని ఒరుసుకుంటూ దిగింది.
టెంటు గుడ్డ కొస మా కిటికీలోంచి లోపలికొచ్చి
కూర్చోకుండానే వెళ్లిపోయింది.
పోతూ పోతూ కుర్రాడు తల బయటపెట్టి
"ఏం కాదు బాబాయ్, పొండి.
పైన రోడ్డు వెడల్పే" అన్నాడు.

వాడికేం తెలుసు!
పైన రోడ్డు ఇంకా ఇరుకు.
అయినా ఆ మాట పట్టుకునే ఎక్కాను.
ఆ లారీల వాళ్లూ
నా బోల్టుల మీద కాదేమో ఎక్కింది.

రాత్రి, చెరువు ఒడ్డున బండి నిలిపి
ఒలికిపోగా మిగిలిన పప్పుచారు తిన్నాం.
దూరంగా దీపాలు కనబడితే
గుంటూరని నేను, చిలకలూరిపేటని తను.
ఇద్దరం ఒప్పుకోలేదు.

తను పడుకున్నాక టార్చి పట్టుకుని
బండి కిందికి దూరాను.
ఆ అతుకు ఉంది.
వంకరగా, నల్లగా, అలాగే ఉంది.
చాలాసేపు దాని మీద బొటనవేలు పెట్టి ఉంచాను.

"ఏం చూస్తున్నావు అక్కడ?"
పైనుంచి, చెక్క మీదుగా గొంతు.

"ఏం లేదు."

లోపలికొస్తే స్టవ్వు పక్కన, ఉప్పు డబ్బాకి ఆనించి
ఆ రాయి.
మట్టి కూడా కడిగింది.

"ఇదెందుకే?"

"రేపు దిగొద్దూ" అంది, అటు తిరిగి.