ఇడ్లీ పళ్ళెంలో చలి

గొంతులో గడ్డలు తీసేసినాక
డాక్టరమ్మ చీటీ మీద రాసింది రెండే మాటలు:
చల్లగా, మెత్తగా.
పాప మూడు రోజులుగా నోరు తెరవలేదు.
పలక మీద రాసి చూపిస్తుంది,
అరచేత్తో చెరిపేస్తుంది.

మా అత్త కుప్పమ్మకు ఇదేం వైద్యమో అర్థం కాలేదు.
గొంతు నొప్పంటే మిరియాల కషాయమని
డెబ్బై ఏళ్ళు నమ్మిన మనిషి,
"ఐసా? డాక్టరే చెప్పిందా?"
రెండుసార్లు అడిగింది.
మూడోసారి అడక్కుండా లేచిపోయి
మామ పాత పంచె ఉతికి ఆరేసింది.

అది పెరుగు కోసం.
గడ్డపెరుగు మూటగట్టి కొళాయికి వేలాడదీసి
బొట్టు బొట్టుగా దిగిన తేటను గిన్నెలో పట్టింది.
"పారబోసేవు. సంగటిలోకి పనికొస్తాది."

నేను గుజ్జు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఏడు.
పొద్దంతా బెంగళూరా కాయలు కోసి
వేళ్ళ సందుల్లో సొన కాలింది.
గేటు బయట మూడు రోజులుగా ట్రాక్టర్ల వరస,
ట్రాలీల కింద నిద్రపోతా రైతులు.
లోపల మాకు పండు పండుగా కనపడదు.
టన్ను, టన్ను, మళ్ళీ టన్ను.
వరసలో ఒకాయన, పేరు కూడా అడగలేదు,
"ఎట్లాగూ మెత్తబడిపోతా ఉండాయి, తీసుకోక్కా" అని
నాలుగు పండ్లు కొంగులో వేసినాడు.

ఒకటి కోసినా.
ఒక్కటే.
ఒక్క పండును పట్టుకొని కోసి ఎన్నేళ్ళయిందో.
టెంక చుట్టూ కత్తి నిదానంగా తిరుగుతుంటే
మామిడికి వాసన ఉంటుందని గుర్తొచ్చింది.

అచ్చులు లేవు మా ఇంట్లో.
ఇడ్లీ పళ్ళెం ఉంది.
గుంటకు రెండు చెంచాల పెరుగు, పైన ముక్కలు,
రెండు గుంటల్లో మాత్రం పక్కింటి మొగిలమ్మ ఇచ్చిన బొప్పాయి.
కొత్త చీపురులోంచి విరిచి, ఉడకేసి, కడిగిన ఈనెపుల్ల
మధ్యలో నిలబెడితే ఒరిగిపోయింది.
సరే పడుకో అన్నా.

కొన్నప్పటి నుంచీ ఆవిరి తప్ప ఎరగని పళ్ళెం
ఆ రాత్రి మొదటిసారి చలి చూసింది.

సంతపేటలో కొన్న పాత ఫ్రిజ్ మాది.
ఫ్రీజర్ తలుపు మూసుకోదు,
పాప జడ రిబ్బనుతో కడతాం.
పదకొండుకు కరెంటు పోయింది.
"తెరవబాకండి" అంది అత్త.
చీకట్లో ముగ్గురమూ దాని ముందు కూచున్నాం,
కాన్పు గది బయట కూచున్నట్టు.
ఫోను వెలుగులో పలక పైకి లేచింది: అయిందా?
ఇంకా లే.
చెరిపింది. రాసింది: ఇప్పుడు?
అత్తకు నవ్వొచ్చింది. అది చూసి పాపకూ నవ్వొచ్చి
నొప్పికి గొంతు పట్టుకుంది.
ఎప్పుడు నిద్రపోయామో తెలీదు.
ఫ్రిజ్ ముసలి ఎద్దులా బుసకొట్టి లేచిన చప్పుడు మాత్రం
కలలో విన్నట్టుంది.

తెల్లారి పళ్ళెం అడుగున నీళ్ళు తగిలించి బోర్లించినా.
అయిదు ఊడొచ్చినాయి. రెండు అతుక్కుపోయినాయి.
అంచులు గట్టి, నడుమ ఇంకా వెన్న.
పాప నాలుక మీద పెట్టుకొని కళ్ళు మూసుకుంది.
మింగింది.
మేమిద్దరమూ మింగినాం, వట్టి గొంతులతో.

పలక కోసం చెయ్యి చాచింది.
ఏమనుకుందో, వెనక్కి తీసుకుంది.
"తీపి సాల్లేదు"
అంది బొంగురుగా.

మూడు రోజుల తర్వాత మొదటి మాట,
అదీ ఒక వంక!
బెల్లం డబ్బా కోసం పోతా పోతా
అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అతుక్కున్న రెండూ నేను చెంచాతో గీరి తిన్నా.
సొన కాలిన వేళ్ళను
ఖాళీ పళ్ళెం మీద కాసేపు ఆనించుకున్నా.
ఏడున్నరకు షిఫ్టు.
మిగిలిన వాటిలో ఒకటి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నా,
ఆయన ఇంకా వరసలోనే ఉంటే ఇద్దామని.
గేటు చేరేలోగా కరిగిపోతుంది.
కరిగితే ఏం,
పెరుగూ పండే కదా.