బోటు కింద జింకు

మా బళ్లో లాబు బీరువా తలుపు
ఇద్దరు కలిసి లాగితే గానీ రాదు.
మడతబందుల్ని కొత్తజాలరిపేట గాలి తినేసింది.
ఒకసారి వచ్చిందా, ఇక మూయం.

మూడు పరీక్షనాళికలు, మూడు మేకులు.
ఒకదాంట్లో కుళాయి నీళ్లు,
ఒకదాంట్లో మరిగించి చల్లార్చిన నీళ్లు, పైన చెంచాడు నూనె,
మూడోదాంట్లో పొడిగాలి, అడుగున కాల్షియం క్లోరైడు.
మొదటి మేకుకే తుప్పు పట్టాలంటుంది పుస్తకం.
సోమవారం వచ్చి చూస్తే
మూడోది కూడా పల్చగా పసుపు రాసుకుని కూర్చుంది.
బిరడా వదులు, కిటికీకి అద్దం లేదు,
సముద్రం రెండు వీధుల అవతల.
"ఈ పుస్తకం రాసినాయనది ఏ ఊరండీ?"
వెనక బెంచీ.
నవ్వకూడదనుకుంటూనే నవ్వాను.

బోర్డు మీద లోహాల వరస రాశాను.
పొటాషియం పైన, బంగారం అట్టడుగున,
ఇనుము కన్నా ఒక్క మెట్టు ఎత్తున జింకు.
పై మెట్టు మీద ఉన్నది ముందు కరుగుతుంది, అన్నాను.

మర్నాడు కొవిరి నూకరత్నం
పేపర్లో చుట్టిన దిమ్మొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.
ఎలకలు కొరికిన బెల్లం అచ్చులా,
బూడిదరంగు, ఒళ్లంతా గుంటలు,
ఒక మూల ఎండిన గుల్ల అంటుకుని ఉంది.
"మా బాబు బోటుదండి. చుక్కాని పక్కన బిగిస్తారు.
సముద్రం దీన్ని తింటాది, చుక్కాని జోలికి పోదు."
పదకొండేళ్లుగా నేను బొమ్మ గీసి చెబుతున్న పాఠం
చేపల వాసనతో బల్లెక్కి కూర్చుంది.

చిన్న పెచ్చు గీకి ఆమ్లంలో వేశాం. బుడగలు.
అగ్గిపుల్ల చూపిస్తే టప్పుమంది,
మొదటి బెంచీ మొత్తం వెనక్కి ఒరిగింది.
ఇంకో పెచ్చు మైలుతుత్తం నీళ్లలో.
బెల్లు కొట్టేలోపు నీలం పలచబడి
పెచ్చు మీద ఎర్రమన్నులా రాగి దిగింది.
"రాగిని లేపేసి దాని సీట్లో కూర్చుంది" అన్నాడు చోడిపల్లి అప్పన్న,
సిటీబస్సులో రోజూ చూసేదే అన్నట్టు.

బలి లోహం, అని రాయడానికి చెయ్యెత్తాను.
నా నోట్లో అప్పటికే ఉపన్యాసం ఊరుతోంది:
త్యాగం, తల్లి, కొవ్వొత్తి.
"టీచరండీ" అంది నూకరత్నం,
"బలంటే కోడిపుంజుకి ఇష్టముండదు కదండీ.
దీనికలా కాదు. ఎలక్ట్రాన్లు ఇచ్చీడం దీనికి తేలిక, అంతే.
అయిపోతే మా బాబు కొత్తది బిగిస్తాడు.
వెయ్యిన్నర అవుద్ది."

సుద్దముక్క ఆగిపోయింది.
కొవ్వొత్తిని లోపలే ఆర్పుకున్నాను.

కొత్తప్పుడు రెండు కిలోలట.
లాబు త్రాసుకి రాళ్లు చాలవని
వాళ్లమ్మ చేపల కాటా తెప్పించి తూచాం: ఏడు వందల గ్రాములు.
మిగతా పదమూడు వందలు ఏవీ?
"పోయాయండీ."
ద్రవ్యం పోదని ఎనిమిదిలో చెప్పానా, లేదా?
కాసేపు ఫ్యాను చప్పుడు.
"అయితే సముద్రంలోనే ఉన్నాయండి" అన్నారెవరో, మెల్లగా.

సాయంత్రం హార్బరు మీదుగా నడిచాను.
గట్టెక్కించిన బోటుకి ఎర్రరంగు పూస్తున్నారు,
పొట్ట కింద కొత్త దిమ్మ
కురుపాం మార్కెట్లో స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది.
దానికి పుయ్యరా అనడిగాను.
"రంగేస్తే అది పన్జెయ్యదమ్మా" అన్నాడతను,
బ్రష్షు దాని చుట్టూ జాగ్రత్తగా తిప్పుతూ.
నూకరత్నం బాబు అవునో కాదో అడగలేదు.

డాల్ఫిన్ నోస్ మీద లైటు తిరగడం మొదలైంది.
బీచిలో ఒక అల వచ్చి చెప్పులు తడిపి పోయింది.
పెదవి తడుపుకుంటే ఉప్పు.
పదమూడు వందల గ్రాముల్లో
నా నాలుక మీదికొచ్చింది ఎంతో.

రేపు బీరువా బందులకి నూనె పట్టుకెళ్లాలి.