జకార్డు అట్టలు

"నిద్దె బరుత్తా?" అంది డాక్టరమ్మ.
రాదని కన్నడంలోనే చెప్పాను.
తర్వాతి ప్రశ్నకు మాత్రం తెలుగు కావాల్సి వచ్చింది:
మీ ఇంట్లో ఇంకెవరికైనా?

తెల్లకాగితం మీద
మగవాళ్ళకు చదరాలు గీసింది, ఆడవాళ్ళకు సున్నాలు.
నేను పేర్లు చెబుతుంటే
కొన్నిటిని నల్లగా నింపుతోంది.

చౌడమ్మ అవ్వ.
బాలింతగా నలభై రోజులు గోడవైపు తిరిగి పడుకుందట.
గాలి సోకిందని వేపమండలతో కొట్టారు.
నలుపు.

రామలింగం చిన్నాన్న.
ఒక్క వారంలో మూడు హార్మోనియంలు కొన్నాడు,
ఒక్కటీ వాయించడం రాదు.
దేశానికంతటికీ ఒకటే చీర నేస్తానని
రాత్రంతా మగ్గం దిగలేదు.
పిల్లలం పడీ పడీ నవ్వాం.
మరుసటేడు కెంగేరి దగ్గర జరిగినదాన్ని
ఇంట్లో రైలు ప్రమాదం అంటాం.
ఆమె పెన్ను కాసేపు ఆగింది.
తర్వాత నలుపు.

కబ్బన్‌పేటలో
నాన్న మగ్గం పైన దండగా వేలాడే అట్టలు గుర్తొచ్చాయి.
బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది,
లేనిచోట లేవదు.
ఆ బెజ్జాలు ఎవరు కొట్టారో
నేసేవాడికి తెలియదు.

"మరి ప్రభ?" అన్నాను.
నాకంటే పదకొండు నిమిషాలు చిన్నది.
ఒకే మాయ, ఒకే మొహం, అవే అట్టలు.
హోస్కోటలో టీచరు. తొమ్మిదింటికే గురక.
నాకేమో
వైట్‌ఫీల్డ్‌లో కిటికీలేని గది,
మూడేళ్ళు ఎవరి పగటి కోసమో నా రాత్రి,
సిల్క్‌బోర్డు జామ్‌లో బస్సులోనే తెల్లారడం,
ఆరో నెలలో జారిపోయిన బిడ్డ.

"పుట్టుకది ఎంత, బతుకుది ఎంత అని
కొలిచి చెప్పలేం" అంది.
నాన్నైతే చెప్పేవాడు:
వానాకాలం పట్టు తేమ పీలుస్తుంది,
కరెంటు పోయి వస్తే పోగు తెగుతుంది,
అదే అట్ట, అదే హంస,
ఒక చీరలో ఈదుతుంది
ఇంకో చీరలో మెడ వాలుస్తుంది.

లిథియం రాసింది. ఒక రకం ఉప్పేనట.
నీళ్ళు బాగా తాగమంది.

బయట వేపచెట్టు కింద నిలబడి
ప్రభకు ఫోన్ చేశాను.
నీ సున్నా ఖాళీగా వదిలేసిందే, అన్నాను నవ్వుతూ.
అది నవ్వలేదు.

"పాప పుట్టినప్పుడు
ఇరవై రోజులు నేనూ గోడవైపే పడుకున్నాను.
మా అత్త రోజూ వచ్చి
ఏమీ అనకుండా తల దువ్వి వెళ్ళేది.
ఎవరికీ చెప్పలేదు."

వెనక బడిగంట మోగింది.
"ఉంటానే, ఏడో తరగతి" అంది.
పెట్టెయ్యలేదు.